పసుపు గీతలు గీశాను, పని మాత్రం కదలడం లేదు

షెడ్డు ముచ్చట్లు: పాఠకుల ప్రశ్నలకు ఒక రిటైర్డ్ టర్నర్ జవాబులు

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లో నాన్నగారు పెట్టిన చిన్న వర్క్‌షాప్ మాది. రెండు లేతులు (ఇనుప ముక్కని తిప్పుతూ చెక్కే మిషన్లు), ఒక మిల్లింగ్ మిషన్, ఒక డ్రిల్లింగ్ మిషన్, వెల్డింగ్ సెట్టు ఉన్నాయి. నాతో కలిపి ఏడుగురం. రైస్ మిల్లులకీ కారం మిల్లులకీ షాఫ్టులు, బుష్షులు, పుల్లీలు చేస్తాం. చెన్నై దగ్గర కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో నాలుగేళ్లు చేసి, నిరుడు వచ్చి షాపు చూసుకుంటున్నాను. అక్కడ నేర్చుకున్న లీన్ పద్ధతులు, అంటే దుబారా తగ్గించి పని సాఫీగా నడిపే టొయోటా పద్ధతులు, ఇక్కడా పెడదామని, అక్కర్లేనివి తీసేసి ప్రతి సామానుకీ ఒక చోటు పెట్టే 5ఎస్‌తో మొదలుపెట్టాను. నేల మీద పసుపు గీతలు, గోడకి చార్టులు, టూల్ బోర్డు, రోజూ పొద్దున పది నిమిషాల మీటింగ్. రెండు నెలలైంది. షాఫ్టులు తెచ్చి సరిగ్గా ఆ గీతల మీదే పెడుతున్నారు. మీటింగులో ఎవరూ నోరు విప్పరు. నాన్నగారి కాలం నుంచీ ఉన్న సీనియర్ టర్నర్‌ని నేను బాబాయ్ అని పిలుస్తాను. ఆయన టూల్ డబ్బాకి తాళం వేసుకుంటారు. టూల్స్ బోర్డుకి పెట్టండి బాబాయ్ అంటే, ‘నీ చార్టు వచ్చి బోరింగ్ చేస్తుందా అబ్బాయ్’ అన్నారు. డెలివరీలు ఎప్పటిలాగే లేటు. ఎక్కడ తప్పు చేశాను?

జవాబు: ముందే చెప్పేస్తాను, మీ ఉత్తరం చదువుతుంటే మీ బాబాయ్ మీదే నాకు అభిమానం ఎక్కువ కలిగింది. నేనూ టర్నర్‌నే. 1979లో బాలానగర్‌లో ఒక షెడ్డులో హెల్పర్‌గా చేరి, లేతు మీద పదేళ్లు నిలబడి, తర్వాత సూపర్‌వైజర్‌ని అయ్యాను. ఆ తాళం సంగతి నాకు తెలుసు. ఒకసారి నేనే పగలగొట్టించాను.

1992లో అనుకుంటా, అప్పుడు నేను చేస్తున్న ఫ్యాక్టరీకి పెద్ద పార్టీ ఒకటి ఆడిట్‌కి వస్తోంది. పేరెందుకు లెండి. ‘సొంత డబ్బాలు కనపడకూడదు, టూల్సన్నీ స్టోర్‌లో ఉండాలి’ అని పైనుంచి ఆర్డరు. ఒక పెద్దాయన ఆ రోజు సెలవులో ఉన్నాడు. నేను తాళం పగలగొట్టించి డబ్బా తెరిపించాను. లోపల ఇరవై దాకా టూల్ బిట్లు, అంటే లేతుకి బిగించి లోహాన్ని కోసే ముక్కలు. ఒక్కోటీ కాగితంలో చుట్టి, అది ఏ పనికో బాల్‌పెన్నుతో రాసి ఉంది: ‘గన్‌మెటల్ బుష్షు’, ‘స్క్వేర్ థ్రెడ్డు’, ‘పోత ఇనుము పైపొర’. అన్నీ ఆయన తన చేత్తో గ్రైండ్ చేసుకున్నవి. పక్కనే సొంత డబ్బుతో కొనుక్కున్న వెర్నియర్, ఎందుకంటే మా స్టోర్‌లో ఇచ్చే వెర్నియర్ దవడలు అరిగిపోయి కొలత తప్పు చూపించేది. ఆడిట్ బాగానే అయింది. ఆ పెద్దాయన రిటైరయ్యేదాకా నాతో పని మాట తప్ప వేరే మాట మాట్లాడలేదు. స్టోర్ సరిగ్గా నడిస్తే ఆయన తాళం వేసుకునే అవసరమే ఉండేది కాదని నాకు తట్టేసరికి చాలా ఆలస్యమైంది.

కాబట్టి మీ బాబాయ్ డబ్బా జోలికి ఈ ఏడాదికి వెళ్లకండి.

మీరు 5ఎస్‌ని మీవాళ్లకి తెలియని కొత్త విద్యలా తెచ్చారు. నిజానికి ఆయుధ పూజకి ముందు రోజు మీ షెడ్డులో ఏం జరుగుతుంది? పనికిరాని స్క్రాపు బయటికి పోతుంది, లేతు బెడ్డు కింద నుంచి ఇనుప రజను మొత్తం లాగేస్తారు, కిరసనాయిలుతో తుడుస్తారు, పానాలన్నీ సైజువారీ వరసగా పెట్టి బొట్లు పెడతారు. ఆ రోజు మీ బాబాయ్ డబ్బా కూడా తాళం తీసే ఉంటుంది, చూశారా? అంటే ఆ పని చేయడం వాళ్లకి వచ్చు. మర్నాటి నుంచి ఎందుకు చేయరు అన్నదే అడగాల్సిన ప్రశ్న. దానికి జవాబు బద్ధకం అని నేను ఒప్పుకోను. శుభ్రంగా పెట్టినందువల్ల తమ పని ఎక్కడ తేలికైందో వాళ్లకి కనపడలేదు, అంతే.

మీ అసలు జబ్బు డెలివరీ. గీతలు దాన్ని ఎలా ముట్టుకుంటాయి?

టొయోటాలో ఈ పద్ధతిని నిలబెట్టిన తాయిచీ ఓనో సుద్దముక్కతో నేల మీద గుండ్రం గీసి, కొత్త ఇంజనీరుని అందులో నిలబెట్టి, గంటల తరబడి పని చూడమనేవారట. మీరు గీతలు సామాన్ల కోసం గీశారు. ఆయన గీత గీసింది ఇంజనీరు నిలబడడానికి. ఆ తేడా పట్టుకుంటే సగం పని అయినట్టే.

మా స్నేహితుడి షెడ్డులో ఆరేడేళ్ల కిందట నేనే ఇలా ఒక షాఫ్టు వెంట పడ్డాను. సోమవారం పదింటికి ఆర్డరు వచ్చింది, శనివారం సాయంత్రం ఆరింటికి పార్టీ ఆటోలో వేసుకుపోయాడు. జేబులో చిన్న నోట్‌బుక్కు పెట్టుకుని, షాఫ్టు ఎప్పుడు మిషన్ మీద ఉంది, ఎప్పుడు నేల మీద ఉంది అని మాత్రం రాశాను. లేతు మీద రెండు గంటల పది నిమిషాలు, కీవే (పుల్లీ జారకుండా షాఫ్టులో తీసే గాడి) నలభై నిమిషాలు, డ్రిల్లు, ట్యాపు కలిపి ఇరవై. మొత్తం మూడు గంటల పది నిమిషాలు. ఆరు రోజుల్లో షాఫ్టుకి నిజంగా పని జరిగింది అంతే! మిగతా కాలమంతా అది ఎక్కడో పడుకుని ఉంది. మనుషులు మాత్రం ఒక్క నిమిషం ఖాళీగా లేరు. ఇదే మన కళ్లని మోసం చేసేది. అందరూ చెమటలు కక్కుతుంటారు, షాఫ్టు హాయిగా పడుకుంటుంది.

ఎందుకు పడుకుంది? ఒక రోజున్నర రౌండ్ బార్ రాలేదు. పార్టీ ఇచ్చిన శాంపిల్ పాత అరిగిన షాఫ్టు. కీవే వెడల్పు పది మిల్లీమీటర్లా పన్నెండా అన్నది ఓనరే తేల్చాలి. ఓనరు బ్యాంకులో, ఆ తర్వాత బాకీల వసూళ్లలో, ఆ తర్వాత ఎవరిదో పెళ్లిలో. దానికి ఇంకో రోజున్నర. మిల్లింగ్ దగ్గర క్యూ ఒక రోజు. అంటే అన్నిటికంటే పెద్ద ఆటంకాల్లో ఒకటి లేతూ కాదు, హెల్పరూ కాదు, మా స్నేహితుడే. నోట్‌బుక్కు చూపిస్తే రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత ఒక మంచి పని చేశాడు. శాంపిల్ తీసుకునేటప్పుడు పార్టీ అక్కడ ఉండగానే కొలతలు తీసి, బోరు, కీవే, ఫిట్టింగు టైటా లూజా, ఇస్తానన్న తేదీ, ఈ నాలుగూ ఒక అట్టముక్క మీద రాసి శాంపిల్‌కే తీగతో కట్టడం మొదలుపెట్టాడు. తనను అడగాల్సిన అవసరం సగానికి సగం పోయింది.

మీరూ ఈ వారం ఒకే ఒక జాబ్ వెంట వెళ్లండి. స్టాప్‌వాచ్ తీసుకుని బాబాయ్ వెనక నిలబడేరు, వద్దు! మొదటి లెక్క మీ మీదే తీసుకోండి. మీ కోసం ఎన్ని జాబులు ఎంతసేపు ఆగాయో రాసుకుని, ఆ కాగితం మీటింగులో మీరే చదవండి. ఆ రోజు వాళ్లు నోరు విప్పకపోతే నన్ను అడగండి.

ఇక అర్జెంట్ల సంగతి. మీ ఉత్తరంలో దాని ఊసు లేదు గానీ, రైస్ మిల్లుల పని చేసే షాపులో అది లేకుండా ఉండదు. ధాన్యం వచ్చే రోజుల్లో మిల్లు ఆగిపోయిందని పార్టీ వచ్చి కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. మీరు లేతు మీదున్న జాబ్ దింపించి ఆయనది ఎక్కిస్తారు. పని ముక్కని పట్టుకునే నాలుగు దవడల ఫోర్ జా చక్‌లో డయల్ (కొలత గేజీ) పెట్టి జాబ్‌ని మళ్లీ కేంద్రానికి తెచ్చుకోవడానికి మంచి టర్నర్‌కైనా ఇరవై నిమిషాలు పడుతుంది. రోజుకి రెండుసార్లు దింపి ఎక్కిస్తే ఎంత పోయిందో లెక్క వేసుకోండి. దానికి తోడు టర్నర్‌ మనసు విరుగుతుంది. అది లెక్కకి అందదు. మీకు రెండు లేతులున్నాయి కదా, సీజన్లో పాత లేతుని మధ్యాహ్నం దాకా బ్రేక్‌డౌన్ పనులకే ఉంచండి. రెండోదాని మీద ఎక్కిన జాబ్‌ని, నాన్నగారు చెప్పినా సరే, దింపకూడదు. ఈ ఒక్క మాట గోడ మీద రాయండి. చార్టు రాయాలంటే అది రాయండి.

సెట్టింగ్ టైమ్, అంటే తర్వాతి జాబ్‌కి మిషన్ సిద్ధం చేయడానికి పట్టే సమయం గురించి ఫ్యాక్టరీలో మీకు చెప్పే ఉంటారు. షిగియో షింగో అనే జపాన్ ఇంజనీరు కథ నాకిష్టం. 1969లో టొయోటాలో వెయ్యి టన్నుల ప్రెస్సుకి డై (రేకుని ఆకారంలోకి నొక్కే అచ్చు) మార్చడానికి నాలుగు గంటలు పట్టేది. ఆరు నెలల్లో దాన్ని గంటన్నరకి, ఇంకో మూడు నెలల్లో మూడు నిమిషాలకి తెచ్చారు. కిటుకు ఏమిటంటే, మిషన్ ఆగాక చేయక తప్పని పని ఏది, మిషన్ నడుస్తుండగానే చేసి పెట్టుకోదగ్గది ఏది అని విడదీయడం. మీ షెడ్డులో మూడు నిమిషాలు అక్కర్లేదు. లేతు తిరుగుతుండగా హెల్పర్ తర్వాతి జాబ్‌కి బార్ కోసి, టూల్ బిట్టు పదును పెట్టి, శాంపిల్, అట్టముక్క ట్రేలో పెట్టి లేతు పక్కన ఉంచితే చాలు. చక్‌ని బిగించే చక్ కీ హెడ్‌స్టాక్ పక్కనే కొక్కేనికి వేలాడాలి. దాన్ని వెతుకుతూ నా జీవితంలో ఎన్ని రోజులు గడిపానో దేవుడికే తెలుసు.

మీటింగ్ మాట కొంచెం. పొద్దున తొమ్మిదింటికి ఎవరికీ మాట్లాడాలని ఉండదు. సాయంత్రం నాలుగింటి టీ దగ్గర పెట్టుకోండి. అజెండా వద్దు. ‘ఇవాళ మీకు చిరాకు తెప్పించింది ఏమిటి?’ అని అడగండి, చెప్పింది ఆ వారంలోనే బాగుచేయండి. మన దేశంలో మొదటి క్వాలిటీ సర్కిల్స్ మొదలైంది హైదరాబాద్ రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లోనే, 1980లో. ఎస్.ఆర్. ఉడుప అనే అధికారి జపాన్ పద్ధతి చూసి తెచ్చారు. మా పక్కింటాయన అక్కడ ఫిట్టర్. ఒకే పని చేసే కొద్దిమంది కూర్చుని, ఏ సమస్య పట్టుకోవాలో వాళ్లే తేల్చుకోవడం దాని ప్రాణం అనేవాడు. సమస్యని ఆఫీసర్ ఇస్తే అది ఇంకో డ్యూటీ అయిపోతుంది కదా. మా స్నేహితుడి షెడ్డులో మొదటి రోజు వచ్చిన చిరాకు బెంచ్ గ్రైండర్. వీల్ నున్నబడి పదును పట్టడం లేదు, దాన్ని మళ్లీ గరుకు చేసే డ్రెస్సర్ ఎక్కడో పోయింది, కొనలేదు. కొత్త డ్రెస్సర్ మర్నాడే తెప్పించాడు. మూడోవారం నుంచి వాళ్లు ఆగకుండా మాట్లాడారు, ఇప్పుడు ఆపడమే కష్టం.

షాఫ్టులు గీతల మీద ఎందుకు పెడుతున్నారో మీరు వాళ్లని అడిగారా? నా ఊహ చెప్తాను. పది అడుగుల షాఫ్టు పెట్టడానికి మీ దగ్గర స్టాండు లేదు. గోడకి యాంగిల్ ముక్కలు వెల్డింగ్ చేసి స్టాండు చేయించండి, ఆరు షాఫ్టులు పట్టేంతే. అది నిండిందంటే మిల్లింగ్ వెనకబడిందని అర్థం. అప్పుడు లేతు మీద ఏడోది చేయకుండా, ఒక మనిషి వెళ్లి మిల్లింగ్‌కి సాయం పట్టాలి. అవసరానికి మించి ముందే చేసిపెట్టడమే దుబారాలన్నిటిలోకి పెద్దదని ఓనో అనేవారు. మన ఓనర్లకి ఇది మింగుడుపడదు. లేతు ఆగితే ప్రాణం ఆగినట్టు ఉంటుంది.

చివరిగా, తప్పు జరగకుండా ఫిక్స్చర్లో (జాబ్‌ని సరైన చోట పట్టి ఉంచే బిగింపులో) ఒక పిన్ను పెట్టడం లాంటి ఉపాయాలకి షింగో మొదట పెట్టిన పేరు బాకా-యోకే. అంటే బుద్ధిలేనివాడు తప్పు చేయకుండా కాపాడేది అని. 1963లో ఒక ఫ్యాక్టరీలో ఈ మాట విని ఒక మహిళా కార్మికురాలు ‘నేనంత తెలివితక్కువదాన్నా’ అని ఏడ్చింది. అప్పుడు దాన్ని పోకా-యోకే అని మార్చారు, అంటే పొరపాటు జరగకుండా ఆపేది. మన షెడ్లలో హెల్పర్‌ని రోజూ ఏమని పిలుస్తామో మీకు చెప్పక్కర్లేదు. వాడు మనకి ఐడియా చెప్పాలంట!

ప్రశ్న: హనుమకొండలో ముగ్గురు అమ్మాయిలతో బ్లౌజులు కుట్టే షాపు నడుపుతున్నాను. పెళ్లిళ్ల సీజన్లో ఇరవై బ్లౌజులు ఒకేసారి కట్ చేసి, అన్నిటికీ చేతులు, అన్నిటికీ మెడలు, చివర్లో హుక్కులు కుడతాం. అలాగైతే స్పీడ్‌గా అవుతుందని. కానీ ప్రతిసారీ ఆఖరి రెండు రోజులు టెన్షన్, లైనింగులు మారిపోతాయి. మీ కాలమ్ మాలాంటివాళ్లకి కూడానా?

జవాబు: తప్పకుండా అమ్మా. అయితే కుట్టు నాకు రాదు కాబట్టి మా ఆవిడని కూర్చోబెట్టుకుని రాస్తున్నాను.

ఇరవై కలిపి కుట్టినప్పుడు, మొదటి బ్లౌజు వేసుకుని చూసేసరికి మిగతా పందొమ్మిదీ అదే తప్పుతో సగం కుట్టేసి ఉంటాయి. చంకలో పట్టేసిందని మొదటి కస్టమర్ చెప్పేది ఎప్పుడు? ముహూర్తానికి రెండు రోజుల ముందు. ఒక్కో బ్లౌజుకి ఒక కవరు పెట్టండి. బట్ట, లైనింగ్, హుక్కులు, దారం రీలు, కొలతల చీటీ అన్నీ అందులోనే. కట్ చేసింది మళ్లీ అందులోకే వెళ్లాలి. ఒకటి హుక్కులతో సహా పూర్తయ్యాకే రెండోది అని నేను రాయబోతే మా ఆవిడ ఆపింది. ప్రతిదానికీ దారం మార్చుకుంటూ కూర్చుంటే ఎలా అంది. నిజమే. అందుకని ఒకే రంగు దారం పడేవి మూడో నాలుగో కలిపి ఒక జట్టు చేసి, ఆ జట్టుని పూర్తిగా ముగించండి. ఇరవైకి బదులు నాలుగు. మగ్గం పనికి బయటికి వెళ్లాల్సినవి మాత్రం అన్నిటికంటే ముందు కట్ చేసి పంపేయండి. ఆలస్యం అక్కడే పుడుతుందని కూడా మా ఆవిడే చెప్పింది. ఈ జవాబుకి పారితోషికం ఆమెకే ఇవ్వమని ఎడిటర్‌గారికి మనవి.

ప్రశ్న: లీన్‌కి కేంద్ర ప్రభుత్వం స్కీము ఉందట. చిన్న షాపుకి పనికొస్తుందా?

జవాబు: ఉంది. ఎంఎస్ఎంఈ కాంపిటీటివ్ లీన్ స్కీము, 2023 మార్చిలో కొత్త రూపంలో మొదలైంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా కేంద్రం దగ్గర నమోదు) కావాలి. బేసిక్, ఇంటర్మీడియట్, అడ్వాన్స్‌డ్ అని మూడు మెట్లు. మొదలైనప్పుడు చెప్పిన ప్రకారం కన్సల్టెంట్ ఖర్చులో 90 శాతం కేంద్రమే భరిస్తుంది. మహిళలు, ఎస్సీ, ఎస్టీల యూనిట్లకి ఇంకో 5 శాతం. దరఖాస్తుకి ముందు ఇప్పటి నిబంధనలు ఒకసారి చూసుకోండి. వచ్చిన కన్సల్టెంట్ మొదటి రోజంతా ఎక్కడ గడిపాడో గమనించండి. మీ ఆఫీసు గదిలో ల్యాప్‌టాప్ ముందైతే, 90 శాతం ఊరికే వచ్చినా దండగే.

ప్రశ్న: జీడిమెట్లలో పీస్ రేటు (చేసిన ముక్కకి ఇంత అని కూలి) మీద డ్రిల్లింగ్ చేస్తాను. ఒక చిన్న ఫిక్స్చర్ ఐడియా ఉంది, పెడితే పని చాలా త్వరగా అవుతుంది. కానీ స్పీడ్ చూస్తే ఓనరు పీస్ రేటు తగ్గిస్తాడని భయం. చెప్పాలా వద్దా?

జవాబు: నీ భయం ఉత్తది కాదు తమ్ముడూ. ఇది నాకూ జరిగింది. 1984లో నేను బుష్షులకి ఒక మాండ్రెల్ (బుష్షుని లోపలి నుంచి పట్టే కడ్డీ) చేసుకుని రోజుకి అరవైవి తొంభై చేశాను. నెల తిరక్కుండానే పీసుకి ఇచ్చే పైసల్లో కోత పడింది. మళ్లీ అరవైకే వచ్చాను. మాండ్రెల్ నా డబ్బాలోకి వెళ్లింది, తాళం పడింది. పైన నేను పగలగొట్టించిన తాళం గుర్తుందా, ఆ పెద్దాయనకీ ఇలాంటి కథే ఏదో ఉండి ఉంటుంది.

ఈ పద్ధతి పుట్టిన టొయోటా కూడా దీన్ని తేలిగ్గా దాటలేదు. 1950లో అక్కడ ఉద్యోగాల కోత మీద పెద్ద గొడవ జరిగింది. చివరికి ప్రెసిడెంట్ కీచిరో టొయోడా తనే రాజీనామా చేసి వెళ్లిపోయాడు. ఐడియాలు చెప్పే అలవాటు ఆ తర్వాత ఎన్నో ఏళ్లు పట్టి, ఉద్యోగం పోదన్న నమ్మకం మీద పెరిగింది.

కాబట్టి ఐడియా చెప్పే ముందే మాట్లాడుకో. ‘అన్నా, నా దగ్గర ఒక ఉపాయం ఉంది, ఏడాదిపాటు ఈ పీసు రేటు ముట్టుకోనంటే చూపిస్తాను’ అని నేరుగా అడుగు. నలుగురి ముందు, టీ టైములో అడుగు. ఒప్పుకుంటే తేదీతో సహా బోర్డు మీద రాయించు. ఒప్పుకోకపోతే ఫిక్స్చర్ బొమ్మ మడిచి జేబులో పెట్టుకో. ఈ కాలమ్ చదివే ఓనర్లు ఎవరైనా, తమ షెడ్డులో ఎవరూ సలహాలు ఇవ్వడం లేదని నాకు రాయబోతుంటే, ముందు తమ పాత రేటు కార్డులు ఒకసారి తీసి చూసుకుని, ఆ తర్వాత రాయండి.